చలి సాయానికి జల్లెడ పట్టిన బ్రిటన్

2022 చలికాలంలో నేను ఇంగ్లండ్‌లో చదువుకుంటూ, సాయంత్రాలు ఒక చిన్న దుకాణంలో కౌంటర్ దగ్గర పనిచేసేవాడిని. ఇక్కడికి చదువుకి వచ్చిన తెలుగు పిల్లల్లో చాలామందికి తెలిసిన పనే అది. పాలు, బ్రెడ్డు, లాటరీ టికెట్లతో పాటు గ్యాస్ కార్డులు, కరెంటు కీలు కూడా రీచార్జి చేస్తాం. మనం సెల్‌ఫోన్‌కు వేయించుకున్నట్టు, ఈ దేశంలో లక్షల కుటుంబాలు ఇల్లు వెచ్చగా ఉండటానికి ముందే డబ్బు కట్టి మీటర్లో వేయించుకుంటాయి. డెబ్బై దాటిన ఒక పెద్దావిడ వారానికి మూడుసార్లు వచ్చేవారు. ప్రతిసారీ ఐదు పౌండ్లే. ఒకరోజు కార్డు తీసుకుంటూ, "ఇందులో సగం పాత బాకీకే పోతుంది" అన్నారు.

ఆ బాకీ స్టాండింగ్ చార్జి. గ్యాస్ వాడినా వాడకపోయినా రోజుకింత అని మీటరు కోసుకునే రుసుము. వేసవిలో హీటర్ ముట్టుకోకపోయినా అది పేరుకుంటూనే ఉంటుంది. చలి మొదలయ్యాక వేసే మొదటి రీచార్జి దానికే సరిపోతుంది.

ఆ ఏడాది ఇంధన ధరలు మండిపోవడంతో ప్రభుత్వం ఇంటింటికీ 400 పౌండ్ల చొప్పున, ఆరు నెలలకు విడగొట్టి సాయం చేసింది. మంచి పని. కానీ అది ఎలా చేరిందో చూడండి. బ్యాంకు ఖాతా నుంచి నెలనెలా బిల్లు కట్టే వాళ్లకు దానంతటదే అందింది. పాత రకం ప్రీపెయిడ్ మీటరున్న వాళ్లకు మాత్రం పోస్టులో వోచరు వచ్చింది. దాన్ని పట్టుకుని దుకాణానికి రావాలి, గడువు దాటకుండా రావాలి. 2023 జూన్ 30తో గడువు ముగిసేసరికి లక్షల వోచర్లు వాడకుండానే మిగిలిపోయాయి. ఇల్లు మారినవాళ్లు, ఉత్తరం చేరనివాళ్లు, వచ్చినా అదేమిటో అర్థం కానివాళ్లు. అవసరం ఎవరికి ఎక్కువో వాళ్లకే తిప్పలు ఎక్కువయ్యాయి. పేదల సాయం గురించి ఇక్కడ జరిగే చర్చ అంతా ఎంత ఇవ్వాలి, ఎవరికి ఇవ్వాలి అన్న చోటే ఆగిపోతుంది. ఎలా చేర్చాలన్నది ఎవరికీ పట్టదు. నా బాధంతా దాని గురించే.

రెండేళ్ల తర్వాత అదే తప్పు ఇంకా పెద్దగా జరిగింది. పెన్షన్ వయసు దాటిన వాళ్లకు చలికాలంలో ఇచ్చే వింటర్ ఫ్యూయెల్ పేమెంట్‌ను 1997లో అప్పటి ఆర్థిక మంత్రి గోర్డన్ బ్రౌన్ ప్రకటించారు. ఇటీవలి కాలంలో ఒక ఇంటికి 200 పౌండ్లు, ఇంట్లో 80 దాటినవాళ్లుంటే 300. ఉన్నవాళ్లు, లేనివాళ్లు అన్న తేడా లేకుండా కోటికి పైగా మందికి అందేది. 2024 జులైలో, లేబర్ పార్టీ అధికారంలోకి వచ్చిన మూడు వారాలకే, ఆర్థిక మంత్రి రేచల్ రీవ్స్ దీన్ని ప్రధానంగా పెన్షన్ క్రెడిట్ (ఆదాయం తక్కువున్న వృద్ధులకు ప్రభుత్వం ఇచ్చే అదనపు సాయం) అందుకునే పేద వృద్ధులకు పరిమితం చేశారు. ఏడాదికి సుమారు 140 కోట్ల పౌండ్లు మిగులుతాయన్నారు. సెప్టెంబరులో పార్లమెంటు దీన్ని 348–228 ఓట్లతో సమర్థించింది. లబ్ధిదారులు ఒక్కసారిగా సుమారు 15 లక్షలకు పడిపోయారు.

కోటీశ్వరుడికి చలి సాయం ఎందుకన్న ప్రశ్న న్యాయమైనదే. నేనూ అదే అంటాను. తప్పు ఆ ఆలోచనలో లేదు, పట్టిన జల్లెడలో ఉంది. పెన్షన్ క్రెడిట్ దానంతటదే రాదు, అడిగితేనే వస్తుంది. కాగితం దరఖాస్తులో 200కు పైగా ప్రశ్నలు. అర్హత ఉండి కూడా అడగని కుటుంబాలు 8 లక్షలకు పైగా ఉండొచ్చని ప్రభుత్వమే అంచనా వేసింది. అంటే అట్టడుగున ఉన్నవాళ్లే అందరికంటే ముందు జారిపోయారు.

గీత గీసిన చోటు ఇంకా బాధాకరం. 2024–25లో ఒంటరి వ్యక్తికి పెన్షన్ క్రెడిట్ ఆదాయ పరిమితి వారానికి 218.15 పౌండ్లు. ప్రభుత్వమిచ్చే వృద్ధాప్య పెన్షన్, అంటే పూర్తి కొత్త స్టేట్ పెన్షన్, 221.20 పౌండ్లు. వైకల్యం వంటి అదనపు కారణాలేవీ లేకపోతే, ఆ పెన్షన్ తప్ప మరో ఆదాయం లేని మనిషి కూడా మూడు పౌండ్ల తేడాతో బయటే. ఆ నవంబరులో ప్రభుత్వం తన లెక్కలు తనే బయటపెట్టింది. ఈ నిర్ణయంతో మరుసటి ఏడాదికల్లా మరో 50 వేల మంది వృద్ధులు పేదరికంలోకి జారతారని అందులో ఉంది. తెలిసీ ముందుకు వెళ్లారు. 2025 మే స్థానిక ఎన్నికల్లో లేబర్ గట్టి దెబ్బ తిన్నాక, జూన్‌లో వెనక్కి తగ్గారు.

ఆ వెనక్కి తగ్గిన తీరు మాత్రం నాకు నచ్చింది. ఇప్పుడు ఇంగ్లండ్, వేల్స్‌లలో పెన్షనర్లకు సాయం ముందు దానంతటదే అందుతుంది. ఏడాది ఆదాయం 35,000 పౌండ్లు దాటినవాళ్ల దగ్గర నుంచి తర్వాత పన్ను రూపంలో వెనక్కి తీసుకుంటారు. కాగితాల బాధ పేదవాడి నెత్తి మీంచి దిగి, దాన్ని మోయగలిగిన వాడి మీదకు వెళ్లింది. రేషన్ కార్డు కోసం ఆఫీసుల చుట్టూ ఏళ్ల తరబడి తిరిగే వాళ్లను చూసిన మనకు ఈ తేడా వేరే చెప్పక్కర్లేదు. తెలంగాణలో 500 రూపాయల సిలిండర్ పథకంలోనూ ముందు పూర్తి ధర కట్టి, సబ్సిడీ ఖాతాలో పడేదాకా ఆగాలి. ఆ రోజుకు చేతిలో పూర్తి ధర లేని ఇల్లాలికి ఆ పథకం కాగితం మీదే ఉన్నట్టు లెక్క.

ఇంత గొడవలోనూ చిన్నపిల్లలున్న పేద కుటుంబాల మాట పెద్దగా వినపడలేదు. వింటర్ ఫ్యూయెల్ పేమెంట్ వయసును చూస్తుంది గానీ చలిని చూడదు. ఆ కుటుంబాలకు ఉన్నది వార్మ్ హోమ్ డిస్కౌంట్, కరెంటు బిల్లులో 150 పౌండ్ల తగ్గింపు. 2022 నుంచి మూడేళ్ల పాటు ఇంగ్లండ్‌లో దానికీ ఒక జల్లెడ ఉండేది. ఇల్లు ఎప్పుడు కట్టారు, ఎంత వైశాల్యం అన్న లెక్కలతో, వెచ్చబెట్టడానికి ఖర్చెక్కువయ్యే ఇల్లా కాదా అని కంప్యూటర్ తేల్చేది. చిన్న ఫ్లాట్‌లో వణుకుతున్న తల్లికి, మీ ఇంటికి ఖర్చు తక్కువే అన్న జవాబు వచ్చేది. 2025లో ఆ షరతు తీసేశాక మరో 27 లక్షల కుటుంబాలు ఇందులోకి వచ్చాయి.

ఈ తగ్గింపు డబ్బు వచ్చేది అందరి బిల్లుల మీద వేసే చిన్న వడ్డింపు నుంచి. కేర్ హోముల్లో పనిచేయడానికి వీసా మీద వచ్చిన మన తెలుగు కుటుంబాలూ ఆ వడ్డింపు కడుతున్నాయి. వీసా షరతుల వల్ల యూనివర్సల్ క్రెడిట్ (ఆదాయం తక్కువున్న కుటుంబాలకు ప్రభుత్వమిచ్చే భత్యం) లాంటి సాయాలకు వాళ్లు అనర్హులు, కాబట్టి వాటితో ముడిపడిన ఈ తగ్గింపు కూడా వాళ్లకు రాదు. ముసలివాళ్లకు రాత్రంతా సేవ చేసి వచ్చి, తమ పిల్లల గదిలో హీటర్ ఆపుకునే వాళ్లున్నారు.

ఎంత ఇచ్చినా గోడల్లోంచి కారిపోతుంటే లాభం లేదు. బ్రిటన్ ఇళ్లు యూరప్‌లోనే బాగా పాతవి. వాటికి ఇన్సులేషన్, అంటే వేడి బయటికి పోకుండా ఆపే పొర, వేయించే పథకాలు పెట్టారు గానీ, పని నాణ్యత మీద కన్ను వేయలేదు. ఆ పథకాల కింద బయటి గోడలకు ఇన్సులేషన్ వేసిన ఇళ్లలో 98 శాతం మళ్లీ సరిచేయాల్సిన స్థితిలో ఉన్నాయని 2025 అక్టోబరులో, ప్రభుత్వ ఖర్చులను తనిఖీ చేసే నేషనల్ ఆడిట్ ఆఫీస్ తేల్చింది. వెచ్చదనం కోసం ఒప్పుకున్న ఇంట్లో చెమ్మ, బూజు. ఆ ఇళ్లను సరిచేయడం కొత్త పథకాల కన్నా ముందు జరగాలి.

మిగతావి కష్టమేమీ కాదు. పన్ను లెక్కలు, పెన్షన్ లెక్కలు రెండూ ప్రభుత్వం దగ్గరే ఉన్నాయి. పెన్షన్ క్రెడిట్‌ను కూడా అడగకుండానే మొదలుపెట్టి, ఎక్కువ పోతే తర్వాత సర్దుకోవచ్చు. ప్రీపెయిడ్ మీటర్ల మీద వేసవిలో స్టాండింగ్ చార్జి పోగవడం ఆపాలి. స్మార్ట్ మీటరుంటే దూరం నుంచే డబ్బు వేయొచ్చు కనుక, ఐదేసి పౌండ్లు వేయించుకునే ఇళ్లకు వాటిని అందరికంటే ముందు బిగించాలి. ఆ పెద్దావిడ వోచరు నేను చూడలేదు. మార్చి దాకా ఐదు పౌండ్ల నోటుతోనే వచ్చారు.