ఫార్మాట్ కొట్టేద్దాం సార్

కంప్యూటర్లకు ఎన్ని రకాల జబ్బులొస్తాయో వాటిని తయారు చేసినవాళ్లకే తెలియాలి. విశాఖపట్నంలో వైద్యం మాత్రం ఒక్కటే. తెర నీలంగా మారినా, ఫ్యాను రొద పెట్టినా, ప్రింటరు కాగితం నమిలేసినా, ద్వారకానగర్ నుంచి గాజువాక దాకా మీకు నచ్చిన షాపుకి మోసుకెళ్లండి. కౌంటర్ వెనక కుర్రాడు ఫోన్లోంచి తల ఎత్తకుండానే తీర్పు చెబుతాడు: "ఏటీ లేదు సార్. ఫార్మాట్ కొట్టేద్దాం."

డిస్కులో ఉన్నదంతా తుడిచేసే ఇంత గొప్ప వైద్యం మన ఊళ్లో ఉండగా పరీక్షలెందుకని మీరు అడగొచ్చు. నిజమే. కానీ ఇళ్లలో కూర్చుని సొంతంగా పరీక్ష చేసుకునే మొండి మనుషులు ఇంకా కొందరున్నారు. ఆ మొండితనం ఎలాంటి ఫలితాలిస్తుందో ప్రజలకు తెలియజేయడం నా బాధ్యత.

మన ఊళ్లో గాలి కాస్త గట్టిగా వీస్తే కరెంటు పోతుంది. యూపీఎస్ బ్యాటరీ ఎప్పుడో చచ్చినా మార్చని ఇళ్లలో, అంటే దాదాపు అందరి ఇళ్లలో, కంప్యూటరు ఏదో రాసుకుంటూ రాసుకుంటూ గుటుక్కుమంటుంది. రాత సగంలో ఆగిపోయిందని విండోస్ ఆ డ్రైవ్ మీద ఒక గుర్తు పెట్టుకుంటుంది. దాన్ని డర్టీ బిట్ అంటారు. మళ్లీ ఆన్ చేయగానే నల్లతెర. డిస్కుని తనిఖీ చేయాలి, వద్దనుకుంటే ఈ కొన్ని సెకన్లలో ఏదో ఒక కీ నొక్కమని బెదిరింపు. కళ్లజోడు వెతుక్కునేలోపు ఆ గడువు కూడా అయిపోతుంది.

పోనీ మనమే అడిగి చేయిద్దామని, ఆజ్ఞలు టైపు చేసే కమాండ్ ప్రాంప్ట్‌ని అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి, చెక్‌డిస్క్ (chkdsk), సి కోలన్, స్లాష్ ఆర్ అని కొట్టండి. డిస్కుని తనిఖీ చేయమని చెప్పే ఆజ్ఞ అది. ఈ డ్రైవ్‌ని ఇంకో ప్రాసెస్ వాడుకుంటోంది కాబట్టి తాళం వేయలేను అంటుంది. ఎవరండీ ఆ ఇంకొకరు? గదిలో ఉన్నది నేనూ, అదీ. సి డ్రైవ్ మీద కూర్చున్నది విండోసే. ఫిర్యాదు తనదే, విచారణాధికారీ తనే, నిందితుడూ తనే. నిందితుడు బిజీగా ఉన్నాడు కనక వచ్చే రీస్టార్ట్‌కి వాయిదా వేయమంటారా, వై అనండి లేదా ఎన్ అనండి అని మనల్ని అడుగుతోంది. వై అన్నాం. అనక చస్తామా?

అలా మా అక్కయ్యపాలెం ఇంట్లో ఒక రాత్రి విచారణ మొదలైంది.

ఈ చెక్‌డిస్క్ స్లాష్ ఆర్ అనేది ఐదు అంచెల్లో నడుస్తుంది. మొదటి మూడూ కాగితాల పనే. ఫైళ్ల రికార్డులు సరిపోయాయా, పేర్లు సరైన ఫోల్డర్లలో ఉన్నాయా, ఎవరికి ఏ హక్కులున్నాయి, అంతే. నాలుగో అంచెలో ఫైళ్లున్న చోటు, ఐదో అంచెలో ఖాళీ చోటు చదివి చూస్తుంది. ఒక టెరాబైట్ డిస్కు సెకనుకి 100 మెగాబైట్ల చొప్పున ఎక్కడా తడబడకుండా చదివినా మూడు గంటలకు కాస్త తక్కువ పడుతుంది. తడబడితే దేవుడే దిక్కు.

మాది 27 శాతం దగ్గర ఆగింది.

"కదిలిందా?" అంది మా ఆవిడ. లేదన్నాను. "పోయిందా మరి?" తెలీదన్నాను. తెలుసుకునే దారి ఒకటే, డబ్బా ముందున్న ఎర్ర లైటు మిణుకుమంటోందా లేదా. మా బావమరిది ఆ లైటు ముందు స్టూలేసుకుని కాపలా కూర్చున్నాడు. "బావా, వెలిగింది." "బావా, ఆరింది." "బావా, సగం వెలిగింది." సగం వెలగడమేంట్రా అని నేనడిగే ఓపిక లేదు. నిద్రపట్టని కింది వాటా మాస్టారు మెట్లెక్కి వచ్చి, తెరకి రెండడుగుల దూరంలో చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డారు. చాలాసేపు చూసి, "ఈ 27 మొత్తంలో శాతమాండీ, ఈ అంచెలో శాతమా?" అన్నారు. ఆయన లెక్కల మాస్టారు. ఆ ప్రశ్నకి జవాబు తెర మీద ఎక్కడా లేదు. "అయితే ఇది శాతం కాదండీ, ఉత్త అంకె" అని తేల్చేశారు. మా అత్తగారు లోపల్నుంచి "ఇంకా పెట్టె ముందే కూకున్నారేటమ్మా, పడుకోండి" అన్నారు. మా ఆవిడ రెండో విడత టీ పెట్టింది. ఎదురు బాల్కనీలో ఇంజినీరింగ్ చదివే కుర్రాడు ఈ జాగారం చూసి, "అంకుల్, పవర్ బటన్ నొక్కి పట్టుకోండి, అయిపోద్ది" అని అరిచాడు. మేమంతా ఒకేసారి తిరిగి చూశాం. తలుపేసుకున్నాడు.

డిస్కు మీద గడుల్లాంటి చిన్న భాగాల్ని సెక్టార్లంటారు. వాటిలో ఏదైనా చదవడానికి రాకపోతే డిస్కు వదిలేయదు. మళ్లీ చదువుతుంది, మళ్లీ చదువుతుంది. ఒక్కోదాని దగ్గర సెకన్లకు సెకన్లు. అలాంటివి కొన్ని వేలుంటే తెల్లారుతుంది. ఇందులో తప్పేం లేదు. ఆ మాట తెర మీద ఒక్క వాక్యం రాస్తే ఏం పోయింది? ఫలానా చోట ఇబ్బందిగా ఉంది, ఆలస్యమవుతుంది, పోయి పడుకోండి అని. రాయదు. 27 అని రాస్తుంది.

పాలవాడు వచ్చే వేళకి 28 అయింది. బావమరిది ఈల వేశాడు. ఆ ఈల పూర్తయ్యేలోపు కరెంటు పోయింది.

తర్వాత ఎప్పుడో ఆ తనిఖీ పూర్తయింది కూడా. నివేదిక రెప్పపాటులో మాయమై కంప్యూటరు రీస్టార్ట్ అయింది. ఆ నివేదిక ఎక్కడుంటుందో తెలుసా? ఈవెంట్ వ్యూయర్ తెరవాలి, అందులో విండోస్ లాగ్స్, అందులో అప్లికేషన్, అక్కడ కుప్పతెప్పలుగా పడున్న వరసల్లో విన్‌ఇనిట్ పేరున్న 1001 నంబరు దాన్ని పట్టుకోవాలి. రాత్రంతా సాక్ష్యాలు విని తీర్పుని అటక మీద దాచిపెట్టే పద్ధతి మన విచారణ కమిషన్ల దగ్గర నేర్చుకున్నట్టుంది.

చదివితే ఫైల్ సిస్టమ్‌లో పెద్ద సమస్యేం లేదని ఉంది. అసలు విషయం మరో చోట దొరికింది. ప్రతి హార్డ్ డిస్కూ తన ఆరోగ్యం లెక్క తనే రాసుకుంటుంది, దాన్ని స్మార్ట్ అంటారు. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో లాంటి ఉచిత ప్రోగ్రాం ఏదైనా ఆ లెక్క తెరిచి చూపిస్తుంది. 5వ వరసలో పాడైపోతే పక్కన పెట్టేసిన సెక్టార్లు, 197లో చదవడానికి మొరాయిస్తున్నవి. మాకు రెండూ సున్నా. 199 మాత్రం పెరిగిపోతోంది. డిస్కుకీ మదర్‌బోర్డుకీ మధ్య మాటలు సరిగ్గా వినపడక మళ్లీ మళ్లీ చెప్పించుకుంటే పెరిగే అంకె అది. మూత తీసి చూస్తే డేటా కేబుల్ వదులుగా ఉంది, దాని చివర ఉప్పుగాలి పచ్చగా పనిచేసి పెట్టింది. కొత్త కేబుల్ వేస్తే బాగుపడింది. షాపుకి తీసుకెళ్లి ఉంటే ఈ కేబుల్‌ని కూడా ఫార్మాట్ కొట్టేవాళ్లే.

మాస్టారికి ఈ సంగతి చెప్పేలోపే జరగాల్సింది జరిగిపోయింది. ఆయన కంప్యూటరు కూడా ఆన్ చేయగానే డిస్కు తనిఖీ అంటోందట. మా ఇంట్లో చూసిన జాగారానికి జడిసి, సీపీయూని దుప్పట్లో చుట్టి ఆటోలో షాపుకి పట్టుకెళ్లారు. సాయంత్రానికి తిరిగొచ్చింది. కొత్త పెళ్లికూతురులా తళతళలాడుతోంది. లోపల ఏమీ లేదు.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు వాళ్ల కిటికీ అద్దాలు పగిలి, బీరువా మీద ఆల్బమ్‌లన్నీ తడిసి ముద్దయ్యాయి. ఆయనా, ఆయన భార్యా కలిసి ఫోటోలు ఒక్కొక్కటీ విడదీసి, నేల మీద పాత చీర పరిచి ఆరబెట్టి, దక్కినవన్నీ స్కాన్ చేయించి ఆ డిస్కులో పెట్టుకున్నారు. ఆవిడ ఇప్పుడు లేరు. తుఫాను వదిలేసినవాటిని ఒక కుర్రాడు టీ తాగుతూ తుడిచేశాడు.

ఒక్క ప్రశ్న అడగడానికి నోరు రాదా వీళ్లకి? ఇందులో మీకు కావల్సినవేమైనా ఉన్నాయా, ముందు వేరే డిస్కులోకి తీసిపెట్టమంటారా అని అడగరా? అడిగితే గంట పని పెరుగుతుంది, అంతేగా! డిస్కు మీద అనుమానం వచ్చిందంటే మొట్టమొదట చేయాల్సింది కాపీ. టిక్కు టిక్కుమని చప్పుడొస్తుంటే చెక్‌డిస్క్ కూడా పెట్టకూడదు, చావుబతుకుల్లో ఉన్న డిస్కుని రాత్రంతా పరిగెత్తించినట్టు అవుతుంది. చెక్‌డిస్క్‌కి కావల్సింది లెక్క కుదరడం, మీ ఫోటోలు కాదు. లెక్కకి అడ్డొచ్చిన ముక్కల్ని ఫౌండ్ అనే ఫోల్డర్లో పేరూ ఊరూ లేకుండా పడేసి పోతుంది. ఇక షాపువాళ్లు కొట్టే ఆ క్విక్ ఫార్మాట్ అయితే బ్యాడ్ సెక్టార్లున్నాయో లేదో చూడనైనా చూడదు. అంటే జబ్బు ఉంటే అలాగే ఉంటుంది, మనవి అనుకున్నవి మాత్రం పోతాయి. దీనికి సర్వీస్ చార్జీ! బిల్లు అడుగున రబ్బరు స్టాంపు: డేటాకు షాపు బాధ్యత వహించదు. సిగ్గుండాలి.

ఆ డిస్కుని వెంటనే తీయించి, పోయిన డేటా వెనక్కి తెచ్చే మనిషి దగ్గరికి నేనే పట్టుకెళ్లాను. క్విక్ ఫార్మాటే కదా, పైన కొత్తవేవీ పడకపోతే పాతవి చాలావరకు దొరుకుతాయి అన్నాడు. తర్వాత డిస్కు తగిలించి చూశాడు. "సార్, దీని మీద ఏమైనా ఎక్కించారా?"

షాపుకి ఫోన్ చేశాం.

"ఆ, ఎక్కించాం సార్" అన్నాడు కుర్రాడు, బోలెడంత ఉత్సాహంగా. "పెద్దాయన ఒక్కరే ఉంటారు కదా అని డిస్కు నిండా సినిమాలు ఏసేసినాం. దానికి డబ్బులేటీ తీసుకోలేదు సార్."