మా ఫ్రిజ్‌లో ఉన్నది ఇన్సులిన్ కాదు

నాలుగేళ్ల క్రితం మా అత్తగారు గుంటూరు నుంచి న్యూజెర్సీ వచ్చారు, ఆరు నెలలు ఉండడానికి. వచ్చిన రెండో వారంలో కొత్తిమీర కోసం ఫ్రిజ్ కింది అర లాగితే, కూరగాయల కవర్ల అడుగున నేను దాచిన ఇంజెక్షన్ పెన్నులు బయటపడ్డాయి. "సుగర్ వచ్చిందా అమ్మా? ఇంత చిన్న వయసులోనా!" అన్నారు. అవునన్నాను. ఆ అబద్ధం అంత తేలిగ్గా ఎలా వచ్చిందో ఇప్పటికీ ఆశ్చర్యమే. ఆ రోజు నుంచి నా కాఫీలో చక్కెర లేదు. పొద్దున రాగిజావ, రాత్రి జొన్నరొట్టె. సంక్రాంతికి ఇంటి నిండా అరిసెలు వండి, నాకు మాత్రం చిన్న ముక్క విరిచి పెట్టారు.

అవి ఐవీఎఫ్ మందులు. అండాల్ని బయటికి తీసి, ల్యాబ్‌లో పిండం చేసి, మళ్లీ గర్భంలో పెట్టే చికిత్స అది. ఒకేసారి ఎక్కువ అండాలు ఎదగడానికి పది పన్నెండు రోజులు రోజూ పొట్టలో పొడుచుకోవాలి.

సుగర్ అయితే గట్టిగా చెప్పుకోవచ్చు. ఇక్కడి మన తెలుగు సంఘం హెల్త్ క్యాంపుల్లో ఇడ్లీ ప్లేటు చేత్తో పట్టుకునే ఒకరి ఏ1సీ నంబరు (మూడు నెలల సుగర్ సగటు) ఒకరికి చెప్పుకుంటాం. గుండె మీద సదస్సు పెట్టాం, టాక్సుల మీద పెట్టాం, వీలునామాల మీద కూడా పెట్టాం. పిల్లలు కలగకపోవడం మీద మాత్రం నేను చూసిన ఈ పదేళ్లలో ఒక్కటీ లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో చెప్పిన లెక్క ప్రకారం, జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఈ ఇబ్బంది ఎదుర్కొనేవాళ్లు ఆరుగురిలో ఒకరు. ఉగాది భోజనాల్లో మన బల్ల దగ్గరే ఒకరు ఉండొచ్చు. మనం వాళ్లనే "ఏమిటి, విశేషమేమైనా ఉందా?" అని అడుగుతుంటాం.

అందరూ బయటపడి చెప్పుకోవాలని నేను అనను. గుట్టుగా ఉంచుకోవడం ఎవరిష్టం వాళ్లది. కానీ ఆ గుట్టు వల్ల ప్రతి జంటా అఆల నుంచి మొదలుపెట్టాల్సి వస్తోంది. ముందు పోయేది కాలం. ఏడాది ప్రయత్నించినా ఫలితం లేకపోతే డాక్టర్ని కలవాలి, ఆమెకు 35 నిండితే ఆరు నెలలకే. మాకీ సంగతి చెప్పినవాళ్లు లేరు. గ్రీన్ కార్డు రానీ, ఇల్లు కొననీ అంటూ మూడేళ్లు గడిపేశాం.

వెళ్లాక కూడా వరస తప్పింది. నాకు రక్తపరీక్షలు, స్కాన్లు, గర్భాశయంలోకి రంగు మందు ఎక్కించి తీసే ఎక్స్‌రే, అన్నీ అయ్యాయి. మా ఆయన వీర్యపరీక్షకు వెళ్లింది ఐదో నెలలో. ప్రతిసారీ ఏదో మీటింగు అడ్డం వచ్చేది. అన్నిటిలోకీ చవకైన పరీక్ష, సూది కూడా ఉండదు. దాదాపు సగం జంటల్లో మగవాళ్ల వైపు నుంచీ సమస్య ఉంటుంది. మా చిక్కులో పెద్ద భాగం అక్కడే తేలింది. ఆయన అనుమతితోనే ఇది రాస్తున్నాను.

ఇక డబ్బు. అమెరికాలో ఒక సైకిల్‌కి, అంటే ఒక విడత చికిత్సకి, మందులతో కలిపి పదిహేను నుంచి పాతిక వేల డాలర్లవుతుంది, ఒక్కదానితో అయిపోతుందన్న హామీ లేదు. ఆఫర్ లెటర్ రాగానే రిటైర్మెంటు పొదుపు 401(కె) గురించి అడుగుతాం కదా, ఐవీఎఫ్ కవరేజీ గురించి కూడా అప్పుడే అడగాలి. కాలిఫోర్నియాలో 2026 జనవరి నుంచి పెద్ద కంపెనీలు ఉద్యోగులకు కొనే గ్రూప్ పాలసీలు దీన్ని కవర్ చేయాలని చట్టం తెచ్చారు. అయితే కంపెనీ సొంత డబ్బుతో నడిపే ప్లాన్లకు రాష్ట్రాల చట్టాలు వర్తించవు. మనవాళ్లు పనిచేసే పెద్ద కంపెనీల్లో చాలావరకు అలాంటి ప్లాన్లే. హెచ్-1బీ ఉద్యోగ వీసా మీద ఉన్నవాళ్ల బాధ ఇంకోరకం. ఉద్యోగం పోతే కొత్తది వెతుక్కోవడానికి ఉన్నది 60 రోజులు, కోబ్రా అనే చట్టం కింద పాత కంపెనీ ఇన్సూరెన్స్ నిలుపుకోవాలంటే ప్రీమియం మొత్తం మనమే కట్టాలి. పిండాన్ని లోపల పెట్టాక ఫలితం కోసం ఎదురుచూసే రెండు వారాల్లోనే లేఆఫ్ మెయిల్ అందుకున్న అమ్మాయి నాకు తెలుసు.

"ఇండియా వెళ్లి చేయించుకోండి, చవక" అంటారు. చవకే, కాదనను. కానీ 2021లో అక్కడ వచ్చిన చట్టం ప్రకారం, మన సొంత పిండాలనైనా దేశం దాటించాలంటే జాతీయ బోర్డు అనుమతి కావాలి. హైదరాబాద్‌లో ఫ్రీజ్ చేసినవాటిని న్యూజెర్సీలోని ఎడిసన్‌కి ఆవకాయలా సూట్‌కేసులో పెట్టుకుని తెచ్చుకోలేం. డబ్బిచ్చి చేయించుకునే సరోగసీ, అంటే మన బిడ్డను వేరే స్త్రీ గర్భంలో మోయించుకోవడం, అక్కడ నిషేధం. ఎవరైనా "అన్నీ మేం చూసుకుంటాం" అంటే లేచి వచ్చేయండి. 2025 జులైలో సికింద్రాబాద్‌లో బయటపడిన కేసు గుర్తుందిగా? ఐవీఎఫ్ కోసం వచ్చిన జంటను సరోగసీకి ఒప్పించి లక్షల్లో తీసుకున్నారు. తీరా డీఎన్‌ఏ పరీక్ష చేయిస్తే ఆ బిడ్డ వాళ్ల బిడ్డే కాదు.

నేను అడిగేది పెద్ద కోరికేం కాదు. వచ్చే హెల్త్ క్యాంపులో సుగర్ టేబుల్ పక్కనే ఇంకో టేబుల్ వేయండి. ఒక ఫెర్టిలిటీ డాక్టరు, ఇన్సూరెన్స్ కాగితాలు చదవడం తెలిసిన ఒక మనిషి ఉంటే చాలు. ఎవరూ రాకపోతే నేనే కూర్చుంటాను.

మరి మీకు పిల్లలు పుట్టారా అని అడగబోతున్నారు కదూ. అది ఇక్కడ రాయదలచుకోలేదు. పుట్టారంటే సుఖాంతమని, లేదంటే అయ్యో పాపమని పేజీ తిప్పేస్తారు.

తిరుగు ప్రయాణానికి వారం ముందు మా అత్తగారికి నిజం చెప్పాను. బియ్యం ఏరుతున్న చెయ్యి ఆగింది. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మీ ఆయన నాకు పెళ్లైన ఏడేళ్లకి పుట్టాడమ్మా. ఆ ఏడేళ్లూ ప్రతి నాగులచవితికీ పుట్టలో పాలు పోశాను, మోపిదేవికి ఎన్నిసార్లు వెళ్లానో లెక్కలేదు. మీ మామయ్యగారిని ఒక్క డాక్టరు దగ్గరికీ తీసుకెళ్లలేదు, తీసుకెళ్లాలని మాకు తెలీదు" అన్నారు.

మళ్లీ బియ్యం ఏరుతూ, "అయితే ఆ రాగిజావంతా ఎందుకు తాగావే పిచ్చిపిల్లా?" అన్నారు.