పెట్రోలు పంచుకుంటే నేరమా?

పెట్రోలు రేటు కదిలినప్పుడల్లా పైనుంచి పొదుపు పాఠాలు దిగుతాయి. కేంద్ర పెట్రోలియం శాఖ కింద ఇంధన పొదుపు చూసే పీసీఆర్ఏ అనే సంస్థ చెప్పే చిట్కాల్లో కార్‌పూలింగ్, అంటే ఒకే కారులో నలుగురు కలిసి వెళ్లడం, ఎప్పటినుంచో ఉంది. ఆంధ్రలోని ఇచ్ఛాపురం, ఒడిశాలోని మన బరంపురం మధ్య రోజూ తిరిగే మనవాళ్లు ఆ మాట విన్నారు. విన్నందుకే ఇప్పుడు టెన్షన్ పడుతున్నారు.

ఒక టీచరమ్మ సంగతి చూడండి. తోటివాళ్లు ముగ్గురిని తన కారులో ఎక్కించుకుంటుంది. దారిలో ఆపిన అధికారి ఆర్సీ చూసి ఊరుకోలేదు, ఫోన్ అడిగాడు. ముందురోజు వచ్చిన 80 రూపాయల ఫోన్‌పే మెసేజ్ చూపించి, ‘ఇది కిరాయి కాదా?’ అన్నాడు. రానూపోనూ 50 కిలోమీటర్లు. లీటరుకు 15 వచ్చే బండిలో, లీటరు 100 లెక్కన వేసినా 330 పైనే. నలుగురికి పంచితే ఎంతో ఆయనే లెక్కేసుకోవచ్చు. ఇందులో లాభం ఎక్కడుంది?

తెల్ల ప్లేటు బండిని, అంటే సొంత బండిని, పర్మిట్ లేకుండా కిరాయికి తిప్పితే 10,000 జరిమానా, బండి సీజ్. సరే. కానీ ఖర్చు పంచుకోవడం కిరాయి కాదని చట్టంలో ఒక్క ముక్క లేదు. 2020 నవంబరులో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలు యాప్ ద్వారా పూలింగ్‌ను ఒప్పుకున్నాయి. 2025లో కొత్తవి వచ్చేదాకా ఉన్న ఆ మార్గదర్శకాల్లో ఊరు దాటే ప్రయాణాలు మాత్రం వారానికి రెండే! అదీ రాష్ట్రం వద్దనకపోతేనే. వారానికి ఆరు రోజులు డ్యూటీకి వెళ్లేవాడు మిగతా రోజులు నడిచి వెళ్లాలనా?

పర్మిట్, ఫిట్‌నెస్, పన్నులు కట్టే టాక్సీవాళ్ల పొట్ట కొట్టకూడదన్న వాదన ఉంది, కాదనం. కానీ తలుపుకు వేలాడేంత జనంతో పోయే షేర్ ఆటోలు అదే రోడ్డు మీద రోజంతా తిరుగుతున్నాయి. వాటిని ఆపే చెయ్యి కనపడదు. సీటు బెల్టు పెట్టుకుని కూర్చున్న నలుగురు మాత్రం కనపడతారు.

లీటరు మీద పన్ను కేంద్రమూ రాష్ట్రమూ పంచుకుంటే పాలన, అదే లీటరు ఖర్చు నలుగురు పంచుకుంటే నేరం! ఇచ్ఛాపురంవాళ్లు మన బంకులకొచ్చి ట్యాంకు నింపుకుంటే (ఇక్కడ రేటు తక్కువ కదా) ముచ్చటపడే సర్కారుకు, ఆ ట్యాంకులో నలుగురు వెళ్తే కడుపుమంట ఎందుకు?

ఖర్చు మేరకు పంచుకోవచ్చని ఒడిశా రవాణా శాఖ ఒక ఉత్తర్వు ఇవ్వాలి. దానికి కమిటీలు అక్కర్లేదు. అది ఇచ్చేదాకా పొదుపు పోస్టర్లయినా పీకేయండి, ఆడవాళ్ల ఫోన్లు తడమడమైనా మానండి.