ఫౌండర్ గారు పది రోజులు లీవు పెడితే సంస్థ నడుస్తుందా?

ఈ మధ్య బందరు రోడ్డులో ఒక హోటల్లో స్వచ్ఛంద సంస్థల పెద్దలకి రెండు రోజుల ట్రైనింగ్ జరిగింది. విషయం ఆరోగ్యకరమైన నాయకత్వం అట. ప్రాణాయామం చేయించారు, కళ్లు మూసుకోమన్నారు, పక్కవాళ్లకి థాంక్స్ చెప్పమన్నారు, మధ్యాహ్నం బఫే పెట్టారు. వెళ్లినవాళ్లంతా చాలా బాగుందన్నారు. ఎందుకు బాగుండదు? కానీ సోమవారం ఆఫీసుకొచ్చేసరికి చెక్కు మీద సంతకం ఫౌండర్ గారిదే. బ్యాంకు ఓటీపీ ఆయన ఫోన్‌కే. డోనర్ల నంబర్లన్నీ ఆ ఫోన్లోనే. ఆయన తిరుపతి వెళ్తే ఫీల్డ్ స్టాఫ్ జీతాలు నాలుగు రోజులు లేటు. దీనికి ప్రాణాయామం ఏం చేస్తుంది?

బెజవాడలో కొన్నేళ్లు, గుంటూరులో కొన్నేళ్లు ఈ రంగంలోనే బతికినదాన్ని. మన సంస్థల పెద్దల్లో దుర్మార్గులు తక్కువ. చాలామంది సొంత పొలం అమ్ముకుని మొదలుపెట్టినవాళ్లే. చిక్కంతా అక్కడే వచ్చింది. మనిషి మంచివాడు కదా అని ఎవరూ లెక్క అడగరు, ఎదురు చెప్పరు, వారసుడి మాటెత్తరు. మంచితనం మీద నడిచే సంస్థ ఆ మనిషికి బీపీ వచ్చిన రోజు ఆగిపోతుంది.

బోర్డు ఉంది కదా అంటారు. ఉంది. 2001 నాటి మన రాష్ట్ర సొసైటీల చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్‌కి కనీసం ఏడుగురు సభ్యులు కావాలి. ఆ ఏడుగురూ ఎవరు? భార్య, బావమరిది, ఆయనతో చదువుకున్న ఒక లెక్చరర్, ఇద్దరు స్నేహితులు, అమెరికాలో ఉన్న మేనల్లుడు, పేరు కోసం ఒక రిటైర్డ్ ఆఫీసరు. ఆడిట్ దగ్గరపడగానే అకౌంటెంట్ కూర్చుని ఏడాది మీటింగుల మినిట్స్ అన్నీ ఒకే పెన్నుతో రాసేస్తాడు. ఆఫీసు కుర్రాడు ఆ పుస్తకం బండి మీద పెట్టుకుని పటమట, గుణదల, సత్యనారాయణపురం తిరిగి సంతకాలు చేయించుకొస్తాడు. ఒకాయన గుమ్మంలోనే నిలబడి పెట్టేస్తాడు, కళ్లజోడు కూడా పెట్టుకోడు. ఇదే సంస్థ మళ్లీ ఊళ్లోకెళ్లి పొదుపు సంఘం అక్కలకి మినిట్స్ ఎలా రాయాలో, లీడర్లను ఎందుకు మార్చాలో క్లాసు పీకుతుంది. ఆ అక్కలు నిజంగానే పుస్తకం చదివించుకుని గానీ సంతకం పెట్టరు. పాఠం చెప్పేవాళ్లకే వంటపట్టలేదు.

ఇక సిబ్బంది సంగతి. 2024 సెప్టెంబరు 1న బుడమేరు నీళ్లు సింగ్ నగర్ వైపు ముంచెత్తినప్పుడు మన సంస్థలన్నీ కదిలాయి, అది కాదనను. పడవల మీద, ట్రాక్టర్ల మీద పాలు, నీళ్లు, అన్నం ప్యాకెట్లు మోశారు. నాతో పనిచేసే ఒకమ్మాయి ఇల్లు రాజరాజేశ్వరి పేటలో ఉంది. ఇంట్లో నడుము లోతు నీళ్లు. పిల్లల్ని గుంటూరులో అమ్మగారింట్లో దింపి, మర్నాడు పొద్దున్నే వచ్చి మన టీషర్టు వేసుకుని పక్క వీధిలో కిట్లు పంచింది. ఆమె ఇంటికి కిట్ చేరిందా అని ఎవరూ అడగలేదు. నీళ్లు తీశాక బురద కడుక్కోవడానికి ఒక వారం సెలవు కావాలంది. మా పెద్దాయన ఏమన్నారో తెలుసా? "అమ్మా, నేను కూడా ఇన్ని రోజులు నిద్రపోలేదు కదా. మనది ఉద్యోగం కాదు, సేవ."

ఆయన నిద్రపోని మాట నిజమే. కానీ ఆయన నిద్రపోకపోవడం ఆమె సెలవుకి జవాబెలా అవుతుంది? పైవాడు ఒళ్లు హూనం చేసుకుంటే కిందవాళ్లు నోరెత్తలేరు. ఆదివారం రాత్రి పదకొండింటికి వాట్సాప్ గ్రూపులో ఫోటోలు పంపమని మెసేజ్ పెట్టే పెద్దమనిషి, తను మేలుకుని ఉన్నాడు కాబట్టి అందరూ మేలుకోవాలనే అనుకుంటాడు. ఆ ఏడాది మా దగ్గర నలుగురైదుగురు మానేశారు. అందులో ఈ అమ్మాయీ ఉంది. ఎవరి చేతిలో పెరిగిన బస్తీ పరిచయాలు వాళ్లతోనే పోయాయి.

చట్టాల దగ్గరికొస్తే మరీ వింత. పది మంది గానీ అంతకన్నా ఎక్కువ గానీ పనిచేసే ఏ ఆఫీసులోనైనా లైంగిక వేధింపుల ఫిర్యాదులు వినడానికి అంతర్గత కమిటీ ఉండాలని 2013 చట్టం చెప్తోంది. అందులో బయటి సభ్యులుగా స్వచ్ఛంద సంస్థలవాళ్లు కూర్చోవచ్చని కూడా అదే చట్టం అంటుంది. మన మేడమ్‌లు బ్యాంకుల్లో, కాలేజీల్లో ఆ కుర్చీల్లో కూర్చుని వస్తారు. సొంత ఆఫీసులో కమిటీ ఎక్కడమ్మా అంటే, "మనదంతా ఫ్యామిలీ లాంటిది" అంటారు. మార్చి 31న కాంట్రాక్టు ముగించి, కొన్ని రోజులు ఆగి కొత్త ఆర్డర్ ఇచ్చేది కూడా ఆ ఫ్యామిలీలోనే, సర్వీసు తెగకుండా సాగితే గ్రాట్యుటీ ఇవ్వాల్సి వస్తుందని.

నేరమంతా ఫౌండర్లదే అనడం మాత్రం అన్యాయం. డబ్బిచ్చేవాళ్ల వాటా తక్కువేం కాదు. విదేశీ విరాళాల్లో పరిపాలన ఖర్చు 50 శాతం దాకా ఉండొచ్చన్న పరిమితిని 2020 సవరణతో 20కి దించారు. అందిన విరాళం ఇంకో చిన్న సంస్థకి ఇవ్వడానికీ వీల్లేదన్నారు. కంపెనీలు సమాజ సేవకని పెట్టే సీఎస్ఆర్ డబ్బుదైతే మరో కథ. ఐదు శాతం అనేది కంపెనీ తన సీఎస్ఆర్ పనిని నడుపుకోవడానికి పెట్టే సొంత ఖర్చుకి ఉన్న హద్దు. దాన్ని తెచ్చి ఊళ్లో పనిచేసే సంస్థ నెత్తిన రుద్దుతారు. అకౌంటెంట్ జీతం, రెండో వరస మనుషుల్ని తయారుచేసే ఖర్చు, సిబ్బంది ఆరోగ్య బీమా, ఇవేవీ బడ్జెట్‌లో పెట్టనివ్వరు. కుట్టుమిషన్ల ఫోటో కావాలి, ఆ మిషన్లు పంచే మనిషి జీతం వద్దు. అన్నీ ఒక్క ఏడాది ప్రాజెక్టులే. అలాంటప్పుడు డిప్యూటీని పెట్టుకుని మూడేళ్లు నేర్పించండి అంటే ఏ డబ్బుతో నేర్పిస్తారు?

అయినా నిలబడ్డవి మన ఊళ్లోనే ఉన్నాయి. గోరా గారు 1940లో ముదునూరులో మొదలుపెట్టి 1947లో పటమటకు తెచ్చిన నాస్తిక కేంద్రం 1975లో ఆయన పోయాక ఆగిపోలేదు. సరస్వతీ గోరా గారు 2006లో కన్నుమూసేదాకా దాన్ని ముందుండి నడిపారు, పిల్లలు అందుకున్నారు. కుటుంబం కాబట్టి నిలిచింది అనొచ్చు. నిజమే, ఇంటిల్లిపాదీ అదే పనిలో ఉండటం అందరికీ కుదరదు. రైల్వే స్టేషన్లో తిరిగే పిల్లల కోసం 1989లో మొదలైన నవజీవన్ బాలభవన్‌ది ఇంకో దారి. దాన్ని నడిపేది డాన్ బోస్కో సలేషియన్ సభ, అంటే ఒక క్యాథలిక్ సన్యాసుల సంఘం. ఆ సభలో ఒక ఇంటి పెద్దని మూడేళ్లకి నియమిస్తారు, మరోసారి పొడిగించవచ్చు. పెద్ద మారతాడని ముందే అందరికీ తెలుసు కాబట్టి ఎవరూ దాన్ని తిరుగుబాటు అనుకోరు. సంస్థ నియమాల పుస్తకం బైలాలో పదవీకాలం ఇన్నేళ్లు అని రాసుకోవడానికి మనం సన్యాసం పుచ్చుకోనక్కర్లేదు కదా.

నన్నడిగితే మొదట ముట్టుకోవాల్సింది సెలవు. ఏడాదిలో పది రోజులు ఫౌండర్ ఫోన్ ఇచ్చేసి ఊరెళ్లాలి. రెండో సంతకం, రెండో మనిషి లేకపోతే ఆ పది రోజుల్లోనే బయటపడుతుంది. బోర్డులో చుట్టాలు కానివాళ్లు సగమైనా ఉండాలి, వాళ్లలో ఒకరికి బ్యాలెన్స్ షీట్ చదవడం రావాలి. మీటింగ్ నోటీసు ముందు వెళ్లాలి, మినిట్స్ ఆ మీటింగులోనే రాయాలి. ఇవేమీ గొప్ప సంగతులు కావు, ఖర్చు కూడా పెద్దగా లేదు. ఇష్టపడరు, అంతే. "నేను లేకపోతే జరగదు" అన్న మాటలో ఉన్న రుచి అలాంటిది.

సీఎస్ఆర్ మేనేజర్లకి, విదేశీ ఫండర్లకి ఒక మాట. ఈసారి ఫీల్డ్ విజిట్‌కి వచ్చినప్పుడు శాలువాలు, పూలబొకేలు అయ్యాక, ఫౌండర్ గారిని కాస్త బయట కూర్చోమనండి. లోపల ఫీల్డ్ కోఆర్డినేటర్‌ని కూర్చోబెట్టి ఈ ఏడాది ఎన్ని సెలవులు వాడుకుంది, ఏ నిర్ణయం సొంతంగా తీసుకుంది, సార్ చెప్పింది తప్పని చివరిసారి ఎప్పుడు అనగలిగింది అని అడగండి. ఆ జవాబు విన్నాక రాయండి మీ చెక్కు. అందులో ఆమె బీమాకి కూడా ఒక లైన్ పెట్టి మరీ రాయండి.