సవరణ: రెండు పీకులు కనిపిస్తే పాలిమర్లు అతికినట్టేనా?

పాలిమర్లంటే పొడవాటి గొలుసుల్లాంటి అణువులు. వాటిలో నీళ్లంటే ఇష్టపడే పీఈజీకి (పాలీఇథిలీన్ గ్లైకాల్), నీళ్లంటే పడని పీసీఎల్‌ను (పాలీకాప్రోలాక్టోన్) జోడించడం గురించి పోయిన వారం పోస్టు పెట్టాను. "ఎన్‌ఎమ్‌ఆర్‌లో రెండింటి పీకులూ కనిపిస్తే అతికినట్టే" అని అందులో రాశాను (ఎన్‌ఎమ్‌ఆర్ అంటే అణువులోని హైడ్రోజన్లను గుర్తించే పరీక్ష, ఒక్కో రకం హైడ్రోజన్‌కి గ్రాఫులో ఒక్కో పీక్ వస్తుంది). అది తప్పు.

చెన్నైలో మా ల్యాబులోనే ఉన్న గుంటూరు అమ్మాయి టిఫిన్ దగ్గర పట్టుకుంది. "అన్నా, రెండు పొడులూ ఊరికే కలిపి క్లోరోఫామ్‌లో వేసినా అవే పీకులు వస్తాయి కదా!" నిజమే. గ్రాఫు స్కేలు మీద 3.6 దగ్గర పీఈజీ, 4.06 దగ్గర పీసీఎల్. ఉప్పూ పంచదారా కలిపినా నాలుకకు రెండు రుచులూ తెలుస్తాయి మరి.

అతికిందో లేదో తేల్చడానికి జీపీసీ కావాలి, అంటే గొలుసులను సైజును బట్టి వేరుచేసే పరీక్ష. పొడవైన గొలుసు కాలమ్‌లోని సన్నటి రంధ్రాల్లోకి అంతగా దూరలేదు, అందుకే ముందే బయటికొస్తుంది. 5000 అణుభారం పీఈజీతో మొదలుపెడితే, చివర్లో పీక్ మొత్తంగా ముందుకు జరగాలి. పాత చోట చిన్న బొడిపె మిగిలినా అతకని పీఈజీ ఉన్నట్టే. చల్లటి ఈథర్‌లో పోసి వడకట్టాను కాబట్టి శుభ్రమైపోయిందని కూడా అన్నాను. ఈథర్‌లో పీఈజీ కూడా కరగదు, దాంతోపాటే అడుక్కి దిగుతుంది!

ఎన్‌ఎమ్‌ఆర్ పీకుల సైజును బట్టి పీసీఎల్ భాగం అణుభారం కట్టిన లెక్కలోనూ పొరపాటుంది. 4.06 పీకుకు యూనిట్‌కి (గొలుసులో మళ్లీ మళ్లీ వచ్చే ఒక్కో ముక్కకి) నాలుగు హైడ్రోజన్లు వేశాను, రెండే వేయాలి. కాబట్టి పీసీఎల్ భాగం 2500 కాదు, సుమారు 5000.

క్లోరోఫామ్ బదులు భారజలంలో (మామూలు హైడ్రోజన్ బదులు బరువైన హైడ్రోజన్ ఉన్న నీళ్లలో) ఎన్‌ఎమ్‌ఆర్ తీస్తే పీసీఎల్ పీక్ దాదాపు మాయమవుతుందన్న మాట మాత్రం అలాగే ఉంచాను. ఆ భాగం నీళ్లకు దూరంగా, మైసెల్ (గొలుసులన్నీ గుమిగూడిన చిన్న ఉండ) లోపల ముడుచుకుని కదలకుండా కూర్చుంటుంది.