ఇంగ్లీషు వింత పదాల మెసేజ్: ఒక్కో మాటా పట్టి చూస్తే

“ఇంగ్లీషు భాషలో అద్భుతాలు” అనే మెసేజ్ ఒకటి ఏళ్ల తరబడి వాట్సాప్‌లో తిరుగుతోంది. మీకూ వచ్చే ఉంటుంది. ఫలానా అక్షరాలతో ముగిసే పదాలు నాలుగే అనీ, ఫలానా పదంలో అచ్చులే లేవనీ, ఫలానా పదానికి ప్రాస కుదిరే మాటే లేదనీ పది పన్నెండు వాక్యాలు వరసగా ఉంటాయి. దాదాపు ప్రతి వాక్యంలోనూ ‘ఒకే ఒక్క’, ‘మాత్రమే’, ‘లేనే లేదు’ అన్న మాటలు కనిపిస్తాయి. స్కూలు గ్రూపుల్లో దీన్ని పంచుకుంటున్నారు, పిల్లలు క్విజ్ కోసం బట్టీ కొడుతున్నారు. ఇంకో పదం లేదని చెప్పాలంటే డిక్షనరీ మొత్తం జల్లెడ పట్టాలి. ఇది రాసినవాళ్లు ఆ పని చేయలేదు. దానివల్ల పిల్లల దాకా రాకుండా పోతున్న పదాలు చాలా విలువైనవి. అందుకే ఒక్కోటీ తీసి చెబుతున్నాను. నిజమున్న చోట నిజమనే చెబుతాను.

“డి-ఓ-యు-ఎస్‌తో ముగిసే పదాలు నాలుగే: ట్రెమెండస్, హొరెండస్, స్టుపెండస్, హజార్డస్.” రోజువారీ వాడుకలో వినిపించేవి ఈ నాలుగే, అంతవరకు సరే. డిక్షనరీ తెరిస్తే లెక్క మారిపోతుంది. జెపర్డస్ అంటే ప్రమాదంతో కూడినది, ఇప్పుడు ఎవరూ వాడని పాత మాట. నెఫాండస్ అంటే నోటితో చెప్పరానంత ఘోరమైనది. ఇక జంతుశాస్త్రంలోకి వెళ్తే పెద్ద గుంపే ఉంది. గ్రీకు భాషలో పాదానికున్న మాట ‘పోడ్’. దానికి ‘అస్’ తగిలించి శాస్త్రవేత్తలు విశేషణాలు తయారు చేసుకుంటూ పోయారు. ఏపడస్ అంటే కాళ్లు లేనిది. డెకాపడస్ అంటే పది కాళ్లున్నది. మన గోదావరి జిల్లాల చెరువుల్లో పెంచే రొయ్యలు, పీతలు ఈ వర్గానివే. గాస్ట్రోపడస్ అంటే పొట్టే పాదంగా పాకేది, అంటే నత్త. సెఫలోపడస్ అంటే తల నుంచే కాళ్లు మొలిచినట్టుండేది, ఆక్టోపస్. నాలుగు పదాలు బట్టీ కొట్టిన పిల్లాడికి నాలుగే వస్తాయి. ‘పోడ్’ అంటే పాదమని తెలిసిన పిల్లాడు తర్వాత బయాలజీ పుస్తకంలో పదులకొద్దీ పదాలను తనంతట తానే విడదీసుకోగలడు.

ఇలాంటిదే జి-ఆర్-వై పొడుపుకథ. “యాంగ్రీ, హంగ్రీ కాకుండా ఆ అక్షరాలతో ముగిసే మూడో పదం చెప్పండి” అని అడుగుతారు. 1975లో అమెరికా రేడియోలో మొదలై అక్కడ జనాన్ని తెగ తిప్పలు పెట్టిన ప్రశ్న ఇది. వాడుకలో మూడోది లేదు, డిక్షనరీలో మాత్రం ఒకటికి మించే ఉన్నాయి. ‘గ్రై’ అనేదే ఒక పదం: అంగుళంలో వందో వంతు కొలతకు 17వ శతాబ్దపు తత్త్వవేత్త జాన్ లాక్ వాడిన పేరు. మరొకటి పగ్రీ. బ్రిటిష్ సైనికులు ఎండ తగలకుండా టోపీ చుట్టూ చుట్టుకున్న గుడ్డ అది. మన దేశంలోని పగ్డీనే వాళ్లు అలా రాసుకున్నారు.

“ఏ, ఈ, ఐ, ఓ, యు అనే అచ్చులు అదే వరసలో వచ్చే పదాలు రెండే: ఫెసీషియస్, అబ్‌స్టీమియస్.” మొదటిదానికి అర్థం గంభీరమైన సందర్భంలో కూడా వేళాకోళం చేసే తీరు, రెండోదానికి తిండీ తాగుడూ మితంగా ఉంచుకునే స్వభావం. రెండూ మంచి పదాలే. కానీ కెమిస్ట్రీ చదివినవాళ్లకు ఆర్సీనియస్ గుర్తుండాలి. ఆర్సెనిక్ విషం కలిసిన సమ్మేళనాలకు వాడే విశేషణమది, అందులోనూ అచ్చులు అదే వరస. సీసియస్ అంటే నీలం కలిసిన బూడిద పచ్చ రంగు, ఎనిమిదే అక్షరాలు. తిరగేసిన వరసలో యు, ఓ, ఐ, ఈ, ఏ వచ్చే పదం కావాలా? సబ్‌కాంటినెంటల్. మన ఉపఖండానికి సంబంధించినదని అర్థం. ఈ మెసేజ్ తయారు చేసినవాళ్లు ఎవరో గానీ, ఇంత దగ్గరగా ఉన్న పదాన్ని వదిలేశారు.

“రిథమ్ అనే పదంలో అచ్చులే లేవు.” మొత్తం మెసేజ్‌లో నన్ను ఎక్కువగా ఇబ్బంది పెట్టేది ఈ వాక్యమే. మిగతావి లెక్క తప్పులు, ఇది అవగాహన తప్పు. అచ్చు అంటే ధ్వని. రిథమ్ అని పైకి పలకండి: ‘రి’లో ఇకారం ఉంది, ‘థ’లో అకారం ఉంది. అచ్చు లేకుండా ఆ పదాన్ని పలకడం ఎవరి వల్లా కాదు. లేనివి ఏ, ఈ, ఐ, ఓ, యు అనే అయిదు అక్షరాలు మాత్రమే. ఇంగ్లీషులో ఈ అయిదే అచ్చులని చిన్న తరగతుల్లో చెబుతారు కాబట్టి చిక్కు వస్తోంది. నిజానికి బ్రిటిష్ ఉచ్చారణలో సుమారు 20 అచ్చు ధ్వనులుంటాయి. వాటన్నిటినీ అయిదారు అక్షరాలతో సర్దుకోవాలి. అందుకే జిమ్‌లో, హ్యాపీలో, స్కైలో ‘వై’ అక్షరం అచ్చు పనే చేస్తుంది. రిథమ్‌లోనూ అంతే, గ్రీకులోని ఉప్సిలాన్ అనే అచ్చు స్థానంలోనే అక్కడ ‘వై’ వచ్చి కూర్చుంది. ధ్వనికో అక్షరం ఉన్న తెలుగు లిపి నేర్చుకున్న పిల్లలకు ఈ తేడా అయిదు నిమిషాల్లో అర్థమవుతుంది. మనం చెప్పడమే లేదు.

‘వై’ కూడా లేని పదాలున్నాయి. వేల్స్ దేశంలో కమానుతో వాయించే పాతకాలపు తంత్రీవాద్యం పేరు క్రూత్. ఇంగ్లీషు డిక్షనరీల్లో దాని స్పెల్లింగ్ సి-ఆర్-డబ్ల్యు-టి-హెచ్. వెల్ష్ భాషలో ‘డబ్ల్యు’ ఒక అచ్చు. కూమ్ కూడా అక్కడిదే, స్పెల్లింగ్ సి-డబ్ల్యు-ఎం, కొండల మధ్య గిన్నెలా ఉండే లోయ అని అర్థం. నేపాల్ వైపు నుంచి ఎవరెస్ట్ ఎక్కేవాళ్లు వెస్ట్రన్ కూమ్ అనే మంచులోయను దాటి వెళ్తారు. 1921లో జార్జ్ మాలరీ దానికా పేరు పెట్టాడు.

“క్యూ అక్షరం తర్వాత యు తప్పక ఉండాలి.” ఇంగ్లండ్‌లో పుట్టిన పదాల వరకు ఇది బాగానే నిలబడుతుంది, దానికో చరిత్ర కూడా ఉంది. 1066లో నార్మన్లు ఇంగ్లండ్‌ను గెలవకముందు క్వీన్ అనే పదాన్ని సి-డబ్ల్యుతో మొదలుపెట్టి రాసేవారు. ఫ్రెంచ్ పద్ధతికి అలవాటుపడిన లేఖకులు దాన్ని క్యూ-యుగా మార్చారు. అయితే అరబిక్, చైనీస్ వంటి భాషల నుంచి వచ్చిన పదాలకు ఆ కట్టుబాటు లేదు. కవ్వాలీ, నికాబ్, బురఖా మూడింటినీ ఇంగ్లీషులో యు లేకుండా క్యూతోనే రాస్తారు. హైదరాబాద్ పిల్లలకు ఇవి రోజూ వినిపించే మాటలు. కనాత్ అంటే భూమి లోపల సొరంగం తవ్వి నీళ్లు పారించే పద్ధతి, ఇరాన్‌లో పుట్టింది. మన పక్కనే బీదర్‌లో బహమనీల కాలం నాటిది ఉంది, అక్కడ కరేజ్ అంటారు. అక్షరాల బిళ్లలతో పదాలు పేర్చే స్క్రాబుల్ ఆట ఆడేవాళ్లకైతే చైనీస్ నుంచి వచ్చిన ‘చీ’ ప్రాణంతో సమానం: క్యూ, ఐ రెండే అక్షరాలు, ప్రాణశక్తి అని అర్థం. ఆటలో క్యూ బిళ్ల ఒక్కటే ఉంటుంది, దానికి 10 పాయింట్లు. యు దొరకలేదని ఆ బిళ్లను పట్టుకుని కూర్చోవలసిన పని లేదు.

“ఆరెంజ్, సిల్వర్, పర్పుల్, మంత్ అనే పదాలకు ప్రాస లేదు.” సగం నిజం. సిల్వర్‌కు చిల్వర్ కుదురుతుంది, ఆడ గొర్రెపిల్ల అని అర్థం. పర్పుల్‌కు స్కాట్లండ్ మాటలు రెండున్నాయి: హిర్పుల్ అంటే కుంటుతూ నడవడం, కర్పుల్ అంటే గుర్రం పిరుదు. ఆరెంజ్‌కు మాత్రం మామూలు పదమేదీ సరిగ్గా అతకదు. వేల్స్‌లో ఆబర్గవెన్నీ ఊరి పక్కన బ్లోరెంజ్ అనే కొండ ఉంది, 561 మీటర్ల ఎత్తు. ప్రాస కావాలంటే ఆ కొండ ఎక్కాల్సిందే. మంత్ విషయంలో మెసేజ్ చెప్పింది ఒప్పుకోవచ్చు.

కీబోర్డు సంగతులు చూద్దాం. “పైవరసలోని అక్షరాలతో టైప్ చేయగల అతి పొడవైన పదం టైప్‌రైటర్.” దానికి 10 అక్షరాలు. ప్రొప్రైటర్, పర్పెచ్యూటీ, రెపర్ట్వార్ కూడా పదేసి అక్షరాలవే, అవీ ఆ వరసలోనే వస్తాయి. రప్చర్‌వర్ట్ అనే మొక్క పేరుకు 11. హెర్నియాను నయం చేస్తుందని ఒకప్పుడు నమ్మి దానికా పేరు పెట్టారు. “కుడి చేత్తో మాత్రమే కొట్టే పొడవైన పదం లాలీపాప్” అనేదీ నిలవదు. మొనాపలీకి కూడా ఎనిమిదే అక్షరాలు, పాలిఫనీకి తొమ్మిది, సరస్సు అడుగున చల్లగా ఉండే నీటిపొరకు పేరైన హైపోలిమ్నియన్‌కు 11.

“ఎడమ చేత్తో మాత్రమే కొట్టే పొడవైన పదం స్టివర్డెసెస్, 12 అక్షరాలు.” రివర్బరేటెడ్, ఆఫ్టరెఫెక్ట్స్ కూడా 12 అక్షరాలవే. 14 అక్షరాలది కావాలంటే ఆఫ్టర్‌కాటరాక్ట్స్ ఉంది. ఈ పదం దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే ఇది చాలా ఇళ్లలో పనికొచ్చే సంగతి. కంట్లో శుక్లం ఆపరేషన్ చేసేటప్పుడు మసకబారిన లెన్స్ తీసి, దాని వెనక పొరను అలాగే ఉంచి కొత్త లెన్స్ అమరుస్తారు. లోపల మిగిలిన పాత లెన్స్ కణాలు కొందరిలో నెలలకో ఏళ్లకో ఆ పొర మీదికి పాకుతాయి, చూపు మళ్లీ మసకవుతుంది. దీన్నే ఆఫ్టర్‌కాటరాక్ట్ అంటారు. శుక్లం తిరగబెట్టిందనీ ఆపరేషన్ ఫెయిలైందనీ పెద్దవాళ్లు టెన్షన్ పడి ఊరుకుండిపోతారు. మళ్లీ ఆపరేషన్ అక్కర్లేదు. యాగ్ లేజర్‌తో ఆ పొరలో చిన్న దారి చేస్తారు, కొన్ని నిమిషాల పని.

“ఒక్క అక్షరం కూడా రెండోసారి రాని 15 అక్షరాల పదం అన్‌కాపీరైటబుల్ ఒక్కటే.” కాపీరైట్ కిందికి రానిది అని దీని అర్థం. పదం సరైనదే, ‘ఒక్కటే’ అన్నది తప్పు. డెర్మటోగ్లిఫిక్స్‌కూ 15 అక్షరాలే, ఏదీ రెండోసారి రాదు. చేతివేళ్లు, అరచేతులు, పాదాల మీది గీతలను పరిశీలించే శాస్త్రమది. 1926లో ఆ పేరు వచ్చింది. తల్లి కడుపులో మూడో నెల నుంచి అయిదో నెలలోపే ఈ గీతలు రూపు దిద్దుకుంటాయి. నేర పరిశోధనలో, కొన్ని జన్యులోపాల అధ్యయనంలో వాటితో పనుంది. కానీ మన పట్టణాల్లో ఈ పేరును ఇంకో పనికి వాడుతున్నారు. డీఎంఐటీ అనే పరీక్ష పేరుతో పిల్లల వేలిముద్రలు తీసుకుని, వాడు ఇంజనీర్ అవుతాడో డాక్టర్ అవుతాడో, ఎడమ మెదడు ఎంత శాతమో కుడి మెదడు ఎంత శాతమో రంగురంగుల రిపోర్టు ఇస్తున్నారు. తల్లిదండ్రులు వేలకు వేలు కడుతున్నారు. వేలి గీతలను బట్టి తెలివితేటల్నీ కెరీర్‌నీ చెప్పవచ్చనడానికి శాస్త్రీయ ఆధారం లేదు. బ్రోచర్ మీద ఆ 15 అక్షరాల పదం కనబడితే భయపడో గౌరవించో డబ్బు తీయకండి.

మెసేజ్‌లో దాదాపు సరైనవి రెండున్నాయి. జంట అక్షరాలు వరసగా మూడుసార్లు వచ్చేది బుక్‌కీపర్ అన్నారు. దాని కుటుంబంలోని బుక్‌కీపింగ్‌ను కలుపుకుంటే అది నిజమే. ఎం-టితో ముగిసేది డ్రెమ్ట్ ఒక్కటే అన్నారు. అన్‌డ్రెమ్ట్ వంటివి కూడా అందులోంచి పుట్టినవే కాబట్టి పట్టింపు లేదు.

చివరిది, అందరూ గొప్పగా చదివి వినిపించేది. “ఇంగ్లీషులో అతి పొడవైన పదం న్యూమోనోఅల్ట్రామైక్రోస్కోపిక్‌సిలికోవాల్కనోకోనియోసిస్, 45 అక్షరాలు, అదో ఊపిరితిత్తుల జబ్బు.” అక్షరాల లెక్క సరిపోతుంది. కానీ ఏ డాక్టరూ రోగికి ఈ పేరు రాయడు. 1935లో అమెరికాలోని నేషనల్ పజ్లర్స్ లీగ్ అనే పజిల్ ప్రియుల సంఘం అధ్యక్షుడు ఎవరెట్ స్మిత్, అన్నిటికన్నా పొడవైన పదం ఉండాలనే కావాలని దీన్ని అల్లాడు. పేపర్లో పడింది, తర్వాత డిక్షనరీల్లోకి ఎక్కింది. డాక్టర్లు నిజంగా వాడే పొడవైన పేరు కావాలంటే సూడోసూడోహైపోపారాథైరాయిడిజం ఉంది, 30 అక్షరాలు.

పజ్లర్లు అల్లిన ఆ పేరు వెనకున్న అసలు జబ్బు సిలికోసిస్. పేరులో ‘వాల్కనో’ అని ఉన్నా అగ్నిపర్వతాల ఊసు దానికి అక్కర్లేదు. స్టోన్ క్రషర్లలో, పలుగురాయిని పొడి కొట్టే మిల్లుల్లో పనిచేసేవాళ్లు పీల్చే సన్నని సిలికా దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరి వాటిని గట్టిపరుస్తుంది. పాడైన భాగం తిరిగి బాగుపడదు. లక్షణాలు టీబీలాగే ఉండటంతో చాలామందికి టీబీ అని రాసి మందులిచ్చి పంపేస్తారు. చట్టం ప్రకారం సిలికోసిస్ తప్పనిసరిగా అధికారులకు తెలియజేయాల్సిన జబ్బు, కార్మికుల పరిహారపు నిబంధనల్లోనూ దానికి చోటుంది. ఎక్స్‌రే చూసే డాక్టరుకు రోగి ఏ పని చేశాడో చెప్పాలి, ఎన్నేళ్లు చేశాడో చెప్పాలి. ఆ కాగితం మీద ‘సిలికోసిస్’ అని పడితేనే ఆ కుటుంబం పరిహారం అడగగలుగుతుంది.