తల్లి శవం ఇంట్లో ఉండగానే వాటాల లెక్క: లూయీ మాల్ ‘మిలూ ఆన్ మే’

1968 మే నెలలో పారిస్ వీధుల్లో విద్యార్థులు పోలీసులతో తలపడుతుండగా, నైరుతి ఫ్రాన్స్‌లోని ఒక పాత బంగళాలో ముసలి యజమానురాలు వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతూ, రేడియోలో ఆ వార్తలు వింటూనే ప్రాణం విడుస్తుంది. ఫ్రెంచ్ దర్శకుడు లూయీ మాల్ 1990 నాటి చిత్రం ‘మిలూ ఆన్ మే’ (‘మే నెలలో మిలూ’) అలా మొదలవుతుంది. దేశమంతా సమ్మెలో ఉంది కనుక గొయ్యి తవ్వేవారు లేరు, పెట్రోలు దొరకదు. అంత్యక్రియలకని వచ్చిన బంధువులు శవంతో పాటు ఆ ఇంట్లోనే చిక్కుకుపోతారు, చిక్కుకున్నవాళ్లు వెంటనే వాటాల మాట ఎత్తుతారు.

మాల్‌తో కలిసి ఈ కథ రాసిన జాఁ క్లోద్ కారియేర్, 1985లో పీటర్ బ్రూక్ రంగస్థలం మీదికి తెచ్చిన మహాభారతానికి రచయిత. దాయాదుల తగవు ఆయనకు కొత్త కాదు.

ఇంతటి విప్లవాన్ని వేడుకగా మార్చారన్న అభ్యంతరం ఈ సినిమా మీద రావచ్చు గాని, నా దృష్టిలో దాని బలం ఆ తేలికదనంలోనే ఉంది. పారిస్ నుంచి లారీ ఎక్కి వచ్చిన కుర్రవాడి కబుర్లు విని, చెట్టు నీడన భోజనాలు చేస్తూ, అందరూ కలిసి ఉండే కొత్త లోకాన్ని ఊహించుకున్న ఆ ఒక్క మధ్యాహ్నమే వీళ్లు ఒక కుటుంబంలా కనిపిస్తారు, ఎందుకంటే అప్పుడు ఆస్తి ఎవరికీ గుర్తు లేదు. విప్లవకారులు వచ్చి తమను చంపేస్తారన్న పుకారు రాగానే అడవిలోకి పరుగెత్తుతారు, దేశాధ్యక్షుడు డిగాల్ మళ్లీ పట్టు సాధించాడని తెలియగానే ఇంటికి తిరిగి వస్తారు.

చనిపోయిన ఆమె కొడుకు, మిషెల్ పికోలీ పోషించిన మిలూ, ఇంటిని అమ్మడానికి ఒప్పుకోడు. తేనెటీగలను పెంచుతూ, వాగులో రొయ్యలు పడుతూ తల్లి నీడలోనే వయసు మీరిన ఈ మనిషిని మాల్ ప్రేమగానే చూపిస్తాడు. అయితే పనిమనిషి అడేల్‌కు కూడా నాలుగో వాటా రాసిన వీలునామా బయటపడినప్పుడు, ఆ ఇల్లు ఎవరి చాకిరీ మీద నిలబడిందో ప్రేక్షకుడు మరిచిపోలేడు. చక్కెర వ్యాపారంతో సంపన్నమైన కుటుంబంలో పుట్టిన మాల్‌కు ఈ మనుషులు బాగా తెలుసు. అందుకే వాళ్లను వెక్కిరించడు, వెనకేసుకు రాడు.

తల్లిగా నటించిన పాలెత్ దుబో, 1939లో జాఁ రెన్వా తీసిన ‘లా రెగ్ల్ ద్యు జు’లో సంపన్నుల ఇంటి పనిపిల్ల. యాభై ఏళ్ల తర్వాత ఇక్కడ ఆమే యజమానురాలు. అందరూ వెళ్లిపోయాక ఖాళీ ఇంట్లో, స్తెఫాన్ గ్రాపెల్లీ వయొలిన్ వినిపిస్తుండగా, చనిపోయిన ఆ తల్లి వచ్చి కొడుకుతో నాట్యం చేస్తుంది.